ముఖానికి పూసే మట్టి

ఎవరైనా మన నోట్లో మట్టి కొడితే ఊరుకుంటామా? ఊరుకోం. కాని ముఖానికి పూసుకునే మట్టిని మాత్రం డబ్బిచ్చి మరీ కొనుక్కుంటాం, అదీ బేరమాడకుండా! సోమాజిగూడలో మా ఇంటి నుంచి పంజగుట్ట చౌరస్తాకు నడిచేలోపల ఈ మట్టి ఎన్ని వేషాల్లో కనిపిస్తుందో చెప్పలేను. కిరాణా కొట్లో పొట్లం, మందుల షాపులో ట్యూబు, పెద్ద అంగడిలో అద్దాల బీరువాలో సీసా. అమీర్‌పేట వైపు వెళితే, చదువులకని జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లల కోసం చిన్న చిన్న ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి.

వెల ఎక్కువైతే మట్టి మంచిదవుతుందా? తేలుద్దామని ఒక ఆదివారం మూడు రకాలు కొనితెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వెనుకవైపున్న చీమ తలకాయంత అక్షరాలు ఓపిగ్గా చదివాను. తెలిసిన సంగతులు మీ ముందుంచుతున్నాను.

మూడు మట్టులు

పేరులో ముల్తాన్ ఉన్నా, 1947 తరువాత ఆ ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది. మన దేశంలో ఈ మట్టి రాజస్థాన్‌లోని బాడ్మేర్ ప్రాంతంలో దొరుకుతుంది. ఇంగ్లీషులో దీన్ని ‘ఫుల్లర్స్ ఎర్త్’ అంటారు. ఫుల్లర్లంటే కొత్తగా నేసిన ఉన్నిబట్టలోని జిడ్డు వదలగొట్టే పనివాళ్ళు. జిడ్డు పీల్చటమే ముల్తానీ మట్టి అసలు గుణమని ఆ పేరే చెబుతోంది.

రెండోది బెంటొనైటు. మన దేశంలో కచ్ ప్రాంతం దీనికి పేరుపొందింది. పేరు కొత్తగా ఉన్నా గుణం మనం ఎరిగినదే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే మన నల్లరేగడిలోనూ, ఈ బెంటొనైటులోనూ ఉండేది ఒకే జాతి బంకమన్ను. అది పలుచని రేకులు రేకులుగా ఉంటుంది. రేకుల నడుమ నీరు చేరితే ఉబ్బుతుంది, నీరు పోతే ముడుచుకుంటుంది. ముఖాన పూత ఆరుతున్నప్పుడు చర్మం బిగిసినట్లుంటుంది చూడండి, అప్పుడు ముడుచుకుంటున్నది మట్టి. ముడతలు పోతున్నాయని మనం మురిసిపోతాం! అలాగని చేలో రేగడి తెచ్చి పూసుకునేరు. అందులో పురుగుమందులూ ఉండవచ్చు, ధనుర్వాతపు క్రిములూ ఉండవచ్చు.

మూడోది కేవొలిన్, అంటే తెల్ల సుద్ద. చైనాలో గావ్‌లింగ్ అనే చోటు పేరు మీద ఆ పేరు వచ్చింది. పింగాణీ కప్పులకు ముడిసరుకు ఇదే. ఇది నీటికి ఉబ్బదు, జిడ్డును తక్కువగా పీలుస్తుంది. అందుకే మెత్తనిది, సాధువు.

మట్టిపట్టీల మీద గాంధీగారికి ఎంతో నమ్మకమని మనకు తెలుసు. మాకు దగ్గర్లోనే బల్కంపేటలో ప్రకృతి చికిత్సాలయం కూడా ఉంది. అయితే ఆ వైద్యంలో ఒంటికి వేసేది తడిమట్టి, చల్లదనం కోసం. మనం ముఖానికి పూసి పెళుసుబారేదాకా ఉంచుకునే పద్ధతి వేరు.

పెట్టె వెనుక ఏముంది?

నేను కొన్న పొట్లం మీద ఉన్నది ఒక్కటే పేరు: ముల్తానీ మట్టి. రెండోదైన పొడిలో ముల్తానీతో పాటు చందనం, వేప, నారింజ తొక్క, పసుపు, చివర పరిమళం. ట్యూబు మీద మాత్రం చాంతాడంత జాబితా. అందులో మొదటి పేరు ఏమిటనుకున్నారు? నీళ్ళు! తరువాత కేవొలిన్, గ్లిజరిన్, బెంటొనైటు, తెలుపు కోసం టైటానియం డయాక్సైడు, నిలవ ఉండటానికి ఫినాక్సీ ఇథనాలు, పరిమళం, రంగు.

ఇది మోసమనుకోకండి. నీళ్ళున్న చోట క్రిములు చేరతాయి గనుక నిలవ మందు తప్పదు. పొడికి ఆ అవసరం లేదు, తడి చెంచా పెట్టనంతవరకు. ట్యూబులోని గ్లిజరిన్ చర్మాన్ని మరీ ఎండిపోనివ్వదు, అదొక మేలు. కాని తూకంలో నీటికి కూడా మట్టి ధరే ఇస్తున్నామని గుర్తుంచుకోవాలి.

మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం, ఎక్కువ పాలున్న దినుసు ముందు, తక్కువ పాలున్నది తరువాత రాయాలి. ఒక శాతం, అంతకు లోపు ఉన్నవాటిని చివర ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఇక్కడే మనకొక కిటుకు దొరుకుతుంది. ఫినాక్సీ ఇథనాలు ఒక శాతానికి మించి కలపకూడదు. కాబట్టి దాని పేరు తరువాత వచ్చినవన్నీ శాతం లోపువే. నా ట్యూబు ముందువైపు పెద్ద చందనపు చెక్క బొమ్మ ఉంది. వెనుక చందనం పేరు ఫినాక్సీ ఇథనాలు తరువాత ఎక్కడో నక్కి కూర్చుంది! ఇక 30 గ్రాములకు తక్కువైన ప్యాకెట్ల మీద ఈ జాబితా వేయనక్కరలేదు. హాస్టలు పిల్లలు ఎక్కువగా కొనేది ఆ ప్యాకెట్లే మరి.

నిమ్మరసం తెచ్చిన చిక్కు

దినుసుల సంగతి పెట్టెలకే కాదు, మన వంటింటికీ వర్తిస్తుంది. మా మేనకోడలి పెళ్ళికి పది రోజులుందనగా, ఎవరో చెప్పారని ముల్తానీ మట్టిలో నిమ్మరసం పిండి పూసుకుంది. కడుక్కుని, జాకెట్లు తెచ్చుకోవటానికి మిట్టమధ్యాహ్నం అమీర్‌పేట వెళ్ళింది. ఆ తరువాత బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు తేలాయి. “అత్తా, మట్టి పడలేదేమో!” అని ఒకటే ఏడుపు. మా వదిన అయితే అన్నం మానేసింది. చర్మవైద్యుడు చూసి, మట్టి నిర్దోషి అని తేల్చాడు. నిమ్మజాతి పండ్ల రసంలోని కొన్ని పదార్థాలకు ఎండ తోడైతే చర్మం కమిలి మచ్చలు పడతాయట, పోవటానికి వారాలు పడుతుందట. పీటల మీద కూర్చున్ననాటికీ అవి పూర్తిగా మాయలేదు. పెళ్ళికొడుకు పట్టించుకోలేదనుకోండి, పెళ్ళికి వచ్చిన అమ్మలక్కలు పట్టించుకున్నారు.

ఆ పిల్ల అంత తాపత్రయపడింది రంగు తేలాలనే. ఏ మట్టికీ ఒంటిరంగు మార్చే శక్తి లేదు. జిడ్డు, దుమ్ము తీసి ముఖాన్ని కాసేపు తేటగా ఉంచుతుంది, అంతే.

ఏది ఎవరికి?

జిడ్డు ముఖమైతే ముల్తానీ గాని, బెంటొనైటు గాని వారానికొకసారి చాలు. బెంటొనైటుకు కొంచెం క్షారగుణం ఉంది గనుక పొడి చర్మానికి అంతగా పడదు. అటువంటివారు కేవొలిన్, గ్లిజరిన్ ఉన్నది చూసుకోవటం మేలు. మొదట మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగాలి. పూత పది నిమిషాలకు మించనివ్వకుండా, తడి పూర్తిగా ఆరకముందే కడిగేయాలి. మొటిమలు చీము పట్టినా, గజ్జి తామర ఉన్నా మట్టి జోలికి పోకుండా వైద్యునికి చూపించాలి.

ఈసారి అంగడికి వెళ్ళినప్పుడు పెట్టెను తిరగేసి చూడండి. అక్షరాలు ఆనకపోతే పిల్లల చేత చదివించండి. ఆ కిటుకేదో వాళ్ళకూ తెలుస్తుంది.