వాదించడం నేర్పుతున్నారు, చట్టం రాయడం ఎవరు నేర్పుతారు?

ఉర్లా (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా పారిశ్రామిక వాడ ఉక్కు రోలింగ్ మిల్లులకు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలకు పేరుపొందింది. నగరానికి మరోవైపున, నవ రాయ్‌పూర్‌లోని ఉపర్వారాలో హిదయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఉర్లాలో వేలాది కార్మికుల హక్కులు చట్టంలోని మాటలపై ఆధారపడి ఉంటాయి. విశ్వవిద్యాలయంలో ఆ మాటలకు అర్థం చెప్పి, న్యాయమూర్తి ఎదుట వాదించడం నేర్పుతారు. అయితే ఆ మాటలను మొట్టమొదట కాగితంపై పెట్టే విద్య మన న్యాయ కళాశాలల్లో ఏ స్థాయిలో ఉందన్నది ఆలోచించవలసిన విషయం. న్యాయవిద్యార్థులకు దశాబ్దాలుగా జరుగుతున్న మూట్ కోర్టు పోటీలతో పాటు, శాసన ముసాయిదా రచనలో పోటీలు కూడా కొన్నేళ్లుగా జరుగుతుండడానికి కారణం ఇదే.

ఒక్క అంకెతో మారే హక్కు

ఉర్లా వంటి పారిశ్రామిక వాడలో విద్యుత్తుతో నడిచే ఒక చిన్న మిల్లులో 15 మంది పనిచేస్తున్నారనుకుందాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం విద్యుత్తు వాడుతూ 10 మంది, విద్యుత్తు లేకుండా 20 మంది పనిచేసే చోటు ఫ్యాక్టరీ కిందికి వస్తుంది. కనుక ఆ మిల్లు నిస్సందేహంగా ఫ్యాక్టరీయే. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితులకు సంబంధించి 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడ్ ఈ సంఖ్యలను వరుసగా 20కి, 40కి పెంచింది. ఈ కోడ్‌తో పాటు మిగిలిన మూడు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. అదే మిల్లు, అవే యంత్రాలు, అదే 15 మంది. కాని కొత్త నిర్వచనం ప్రకారం అది ఫ్యాక్టరీ కాదు. పది మందికి మించి పనిచేస్తున్నందున కోడ్‌లోని సాధారణ నిబంధనలు వర్తించినా, ఫ్యాక్టరీలకంటూ ప్రత్యేకించిన నిబంధనలు దానికి వర్తించవు.

ఇటువంటివే మరికొన్ని ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికుల విషయంలో 1970 నాటి చట్టం 20 మంది ఉన్న సంస్థలకు వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 50. అంతర్రాష్ట్ర వలస కార్మికుల సంగతి చూస్తే, 1979 నాటి చట్టం ఐదుగురు ఉంటే చాలునన్నది. ఇప్పుడు పది మంది ఉండాలి. లేఆఫ్, తొలగింపు, మూసివేతలకు ప్రభుత్వ ముందస్తు అనుమతి పొందవలసిన సంస్థల పరిమితి పారిశ్రామిక వివాదాల చట్టంలో 100 మంది కార్మికులు కాగా, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది 300 అయింది.

చిన్న పరిశ్రమలపై నిబంధనల భారం తగ్గి ఉపాధి పెరుగుతుందని ఈ మార్పులను సమర్థించేవారు అంటున్నారు. రక్షణ అత్యవసరమైన చోటనే అది తొలగిపోతున్నదని కార్మిక సంఘాలు వాదిస్తున్నాయి. ఈ రెండింటిలో ఏది సబబన్నది విధానానికి సంబంధించిన ప్రశ్న. అయితే ఏ విధానమైనా చివరకు ముసాయిదాలోని ఒక సంఖ్యగా, ఒక నిర్వచనంగా మారి తీరుతుంది. ముసాయిదా రాసేవారికి ఆ సంఖ్య ఎవరి మీద ఎలా పనిచేస్తుందో తెలియకపోతే నష్టపోయేది సామాన్యుడే.

మూట్ కోర్టుకు పెద్దపీట

మూట్ కోర్టు అంటే కల్పిత వివాదంపై విద్యార్థులు జరిపే నమూనా విచారణ. నిర్వాహకులు ఒక సమస్యను ముందుగా ప్రకటిస్తారు. సాధారణంగా ఇద్దరు వాదకులు, ఒక పరిశోధకుడు గల బృందం ఉభయ పక్షాల తరఫునా లిఖితపూర్వక వాదన పత్రాలు తయారుచేయాలి. వీటిని మెమోరియల్స్ అంటారు. ఆపై న్యాయమూర్తుల స్థానంలో కూర్చున్న వారి ఎదుట మౌఖిక వాదన ఉంటుంది. వాదన మధ్యలో ఏ క్షణాన ఏ ప్రశ్న వస్తుందో తెలియదు. ఒక పోటీలో ఉదయం వాది పక్షాన నిలిచిన విద్యార్థే సాయంత్రం ప్రతివాది పక్షాన వాదించవలసి రావడం సర్వసాధారణం.

అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఫిలిప్ జెస్సప్ పేరిట జరిగే పోటీ 1960లో అమెరికాలో ఆరంభమైంది. అంతర్జాతీయ న్యాయస్థానం ఎదుట రెండు కల్పిత దేశాల మధ్య తగాదా దాని ఇతివృత్తం. బెంగుళూరులోని జాతీయ న్యాయ పాఠశాల విద్యార్థులు 1999లోనూ, 2013లోనూ ఈ పోటీలో విజేతలుగా నిలవడం గమనార్హం. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం రాజ్యాంగ న్యాయంపై జస్టిస్ బోధ్‌రాజ్ సాహ్నీ స్మారక పోటీని, రాయ్‌పూర్ విశ్వవిద్యాలయం జస్టిస్ హిదయతుల్లా స్మారక పోటీని జాతీయ స్థాయిలో నిర్వహిస్తున్నాయి.

రాయ్‌పూర్ విశ్వవిద్యాలయానికి పేరు పెట్టుకున్న మహమ్మద్ హిదయతుల్లా ఆ నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదివినవారే. 1968 నుంచి 1970 వరకు భారత ప్రధాన న్యాయమూర్తిగా, 1979 నుంచి 1984 వరకు ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969లో కొద్దివారాల పాటు తాత్కాలిక రాష్ట్రపతిగానూ ఉన్నారు. 1967 నాటి గోలక్‌నాథ్ కేసులో తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలోని ఆధిక్య పక్షంతో ఏకీభవిస్తూ ఆయన విడిగా తీర్పు రాశారు. ప్రాథమిక హక్కులను సవరించే అధికారం పార్లమెంటుకు ఉన్నదా అన్న ఆనాటి చర్చ, రాజ్యాంగంలో ‘చట్టం’ అన్న ఒక్క మాటకు ఏ అర్థం చెప్పుకోవాలన్న ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఇదిలా ఉండగా, బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నియమాలలో మూట్ కోర్టును తప్పనిసరి పాఠ్యాంశంగా చేర్చింది. ఏడాదిలో కనీసం మూడు మూట్‌లు, ఒక్కొక్కదానికి పది మార్కులు, అందులో రాతకు ఐదు, వాదనకు ఐదు అని నిర్దేశించింది. ముసాయిదా రచన అన్న పేరుతోనూ ఒక తప్పనిసరి పేపరు ఉంది. కాని అందులో నేర్పేది దావాలు, జవాబు పత్రాలు, క్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు రాయడమే. చట్టసభలో ప్రవేశపెట్టే బిల్లు రాయడానికి ఈ తప్పనిసరి జాబితాలో ప్రత్యేక స్థానం లేదు.

బిల్లు రాయడం అంత సులువు కాదు

శాసన ముసాయిదా పోటీలు పూరించజూస్తున్నది ఈ లోటునే. ఇందులో విద్యార్థులకు వివాదం బదులు ఒక సామాజిక సమస్యను ఇస్తారు. దానికి పరిష్కారంగా ఒక సంపూర్ణమైన బిల్లును వారు తయారుచేయాలి. పీఠిక, సంక్షిప్త నామం, వర్తించే ప్రాంతం, అమలు తేదీ, నిర్వచనాలు, అసలు నిబంధనలు, అధికారుల విధులు, శిక్షలు, అప్పీలు మార్గం, నియమాలు చేసే అధికారం, పాత చట్టం రద్దు, పాత చట్టం కింద సాగుతున్న కేసుల పరిరక్షణ, వీటిలో ఏది మరిచినా బిల్లు కుంటుపడుతుంది. లక్ష్యాలు, కారణాల ప్రకటన జతపరచాలి. ఖజానాపై భారం పడే పక్షంలో ఆర్థిక వివరణ కూడా ఇవ్వాలి. లోక్‌సభ నియమావళి కోరేది కూడా ఇదే.

మూట్ కోర్టులో ఉన్న చట్టాన్ని తన పక్షానికి అనుకూలంగా మలచుకోగలిగినవాడు గెలుస్తాడు. ముసాయిదా పోటీలో అందుకు విరుద్ధం. తన వాక్యాన్ని రేపు ఎవరు ఎలా వంచజూస్తారో ముందే ఊహించి, ఆ అవకాశం లేకుండా రాయగలిగినవాడే గెలుస్తాడు. న్యాయవాదికి ఈ రెండు విద్యలూ అవసరమే.

నలభై ఏళ్ల నిర్వచనం కథ

స్పష్టత లోపిస్తే ఏమవుతుందో చెప్పడానికి ‘పరిశ్రమ’ అన్న మాట ఒక్కటి చాలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఈ మాటకు ఇచ్చిన నిర్వచనం పరిధి ఎంత అన్నది ఎన్నో ఏళ్లు తేలలేదు. ఆసుపత్రి పరిశ్రమ అవుతుందని సుప్రీంకోర్టు 1960లో చెప్పింది. 1970లో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో కాదన్నది. 1978లో బెంగుళూరు నీటి సరఫరా సంస్థ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పరిధిని తిరిగి విస్తృతం చేసింది. పార్లమెంటు 1982లో కొత్త నిర్వచనాన్ని ఆమోదించింది. కాని దానిని అమలులోకి తెచ్చే ప్రకటన ఏనాడూ వెలువడలేదు. 2017లో ఈ ప్రశ్న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదన అయింది. చివరకు 2020 కోడ్‌లో మరో నిర్వచనం వచ్చింది. ఈలోగా ఉద్యోగం పోయిన కార్మికుడు తన యజమాని నడుపుతున్నది పరిశ్రమ అవునా కాదా అన్నది తేల్చుకోవడానికే కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ కథ మరో విధమైనది. ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి మాటలను నిర్వచించకుండా వదిలినందున ఇంటర్నెట్‌లో రాసిన సాధారణ వ్యాఖ్యలకు కూడా అరెస్టులు జరిగాయి. దీనిని సవాలు చేస్తూ శ్రేయా సింఘాల్ అనే యువతి 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. తీర్పు వచ్చేనాటికి ఆమె న్యాయశాస్త్ర విద్యార్థిని.

విదేశాలలోనూ ఈ బెడద లేకపోలేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో త్వరగా పాడయ్యే ఆహార పదార్థాలను ప్యాక్ చేయడం, పంపిణీ చేయడం వంటి పనులకు ఓవర్‌టైం వర్తించదని చట్టం చెప్పింది. ఆ జాబితా చివర ఒక కామా లేదు. అందువల్ల ‘పంపిణీ’ విడి పనా, లేక పంపిణీ కోసం ‘ప్యాక్’ చేయడమా అన్న సందేహం తలెత్తింది. లారీ డ్రైవర్లు కోర్టుకెక్కారు. 2017లో అప్పీలు కోర్టు ఈ సందేహాన్ని కార్మికుల పక్షాన తీర్చింది. మరుసటి ఏడాది డెయిరీ కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఒక కామా ఖరీదు అది.

తెలుగువారికి కొత్త కాదు

శాసన రచన తెలుగువారికి పరాయి విద్య కాదు. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘంలో నెల్లూరు ప్రాంతానికి చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ సభ్యులు. బి.ఎల్. మిత్తర్ స్థానంలో వచ్చిన ఎన్. మాధవరావు మచిలీపట్నం వారు. సంఘాధ్యక్షులు డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ముఖ్య ముసాయిదాకారుడు ఎస్.ఎన్. ముఖర్జీని ప్రత్యేకించి ప్రశంసించారు. జటిలమైన ప్రతిపాదనలను కూడా తేలికైన, స్పష్టమైన న్యాయభాషలో పెట్టగల నేర్పు ఆయనదని కొనియాడారు. చట్టం రాసేవారి పేర్లు బయటకు రావడం అరుదు కనుక ఆ ప్రశంస గుర్తుంచుకోదగినది.

నేడు ఈ విద్య నేర్చినవారికి అవకాశాలు లేకపోలేదు. కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖలో శాసన విభాగం ఉంది. రాష్ట్రాలలో న్యాయ శాఖలు ఉన్నాయి. పార్లమెంటు సభ్యులకు సహాయకులుగా యువతను పంపే ఫెలోషిప్ 2010లో మొదలైంది. మంత్రులు కాని సభ్యులు ప్రవేశపెట్టిన బిల్లులలో స్వాతంత్ర్యానంతరం చట్టాలైనవి 14 మాత్రమే. వాటిలో చివరిది 1970 నాటిది. రాజకీయ కారణాలు ప్రధానమే అయినా, ముసాయిదాలో సమర్థుల తోడ్పాటు ఉంటే ఆ బిల్లులపై చర్చయినా పదును తేలుతుంది. మరోవంక, కొత్త చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజుల పాటు ప్రజల ముందుంచాలని కేంద్రం 2014లో నిర్ణయించింది. ఆ అవకాశాన్ని వినియోగించుకోవడానికి ముసాయిదాను చదివి లోపం పట్టగల నేర్పు కావాలి.

జిల్లా కళాశాలల మాటేమిటి?

పోటీలలో ముందుంటున్నవి ఎక్కువగా జాతీయ విశ్వవిద్యాలయాలే. రిజిస్ట్రేషన్ రుసుము, ప్రయాణ ఖర్చు, ఖరీదైన న్యాయ సమాచార సేవలు, అన్నిటినీ మించి ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడవలసి రావడం జిల్లా కళాశాలల విద్యార్థులను వెనక్కి లాగుతున్నాయి. ముసాయిదా పోటీలో ఈ ఇబ్బంది కొంత తక్కువ. అక్కడ ఉచ్చారణ కంటే ఆలోచనకు విలువ. పైగా దానిని తెలుగులో నిర్వహించడానికి అడ్డంకి లేదు. శాసనసభ మరో భాషను నిర్దేశిస్తే బిల్లులు ఆ భాషలో ఉండవచ్చునని, గవర్నరు అధికారంతో ప్రచురించిన ఇంగ్లీషు అనువాదాన్ని అధికారిక పాఠంగా పరిగణిస్తారని రాజ్యాంగంలోని 348వ అధికరణం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. కాని తెలుగులో చట్టం రాయగలవారిని తయారుచేసే పని ఇంకా జరగవలసే ఉంది.

ఇందుకు భారీ వ్యయం అక్కరలేదు. ప్రతి న్యాయ కళాశాల ఏటా తన జిల్లాకు సంబంధించిన ఒక సమస్యను ఎంచుకుని విద్యార్థుల చేత బిల్లు రాయించవచ్చు. ఆక్వా చెరువుల కాలుష్యం కావచ్చు, ఇటుక బట్టీల వలస కూలీల సమస్య కావచ్చు, పారిశ్రామిక వాడలో కాంట్రాక్టు కార్మికుల నమోదు కావచ్చు. ఆ బిల్లును న్యాయవాదితో పాటు ఆ చట్టం కింద బతికే కూలీ చేత, చిన్న పరిశ్రమ యజమాని చేత కూడా చదివించి అభిప్రాయం అడగాలి. తనకు వర్తించే వాక్యం ఉర్లాలోని మిల్లు కార్మికుడికి ఎవరి సహాయం లేకుండా అర్థమైనప్పుడే ఆ ముసాయిదా పరీక్షలో నెగ్గినట్టు లెక్క.