చేపల పొడి తగ్గుతోంది: వేరుశనగ చెక్కకు దారి దొరికేనా?

తిరుచానూరు: పడమట పలమనేరు, పుంగనూరు, కుప్పం మెట్టల్లో వేరుశనగ, పట్టు. తూర్పున సూళ్లూరుపేట, తడ దాటి నెల్లూరు కోస్తా పొడవునా రొయ్యల చెరువులు. సరుకు పండే చోటుకూ, మేత ఖర్చయ్యే చోటుకూ నడుమ ఉన్న ఈ ప్రాంతపు చెక్క, తవుడు వర్తకులకు ఇప్పుడు ఒక లెక్క తేల్చుకోవలసిన అవసరం వచ్చింది. రొయ్యల మేతలో చేపల పొడి పాలు ఏటేటా తగ్గుతోంది. ఆ ఖాళీని సోయా పిండి చాలావరకు ఆక్రమించింది. మిగిలిన చోటులో చిత్తూరు సీమ చెక్కకు వాటా ఉంటుందా, ఉంటే ఏ షరతుపై ఉంటుంది అన్నదే ప్రశ్న.

ధర ఎక్కడ పుడుతోంది

చేపల పొడి ధర మన రేవుల్లో పుట్టేది కాదు. ప్రపంచంలో ఏటా తయారయ్యే చేపల పొడి సుమారు 50 లక్షల టన్నులు. అందులో పెద్ద వాటా పెరూ దేశానిది. అక్కడి ఆంకోవీ అనే చిన్న చేప పడితే బజారు మెత్తబడుతుంది, పడకపోతే మండుతుంది. 1970లో 120 లక్షల టన్నులు దాటిన పెరూ ఆంకోవీ వేట, 1972లో సముద్రం వేడెక్కడంతో కూలింది. 1973లో అది 20 లక్షల టన్నులకు కూడా చేరలేదు. చేపల పొడి దొరకని కోళ్ల, పందుల మేత మిల్లులన్నీ సోయా మీద పడ్డాయి. సోయా ధర ఎంత ఎగసిందంటే, 1973 జూన్‌లో అమెరికా ప్రభుత్వం సోయా ఎగుమతులనే ఆపవలసి వచ్చింది. చేపకూ సోయాకూ ఉన్న ఈ చుట్టరికాన్ని మేత వర్తకులు అప్పటి నుంచి మరువలేదు.

యాభై ఏళ్ల తరువాత అదే కథ మరొకసారి నడిచింది. 2023లో పెరూ ప్రభుత్వం ప్రధాన తీరంలో మొదటి వేట సీజనునే రద్దు చేసింది. వలల్లో పిల్ల చేపలే ఎక్కువగా పడడం అందుకు కారణం. పొడి ధరలు ప్రపంచమంతటా పెరిగాయి.

మన దేశంలో పొడికి ఆధారం పడమటి తీరపు కవళ్లు. వాటి వేట కూడా నిలకడైనది కాదు. 2012లో ఒక్క కేరళలోనే దాదాపు 4 లక్షల టన్నులు పడిన కవళ్లు 2021 నాటికి కొన్ని వేల టన్నులకు దిగజారాయి. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి గనుక, వేట తగ్గినప్పుడు పొడి కొరత మరింత తీవ్రంగా కనబడుతుంది. 2023 బడ్జెట్‌లో కేంద్రం చేపల పొడిపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. కాని పెరూలో సరుకే లేనప్పుడు సుంకం తగ్గించినంత మాత్రాన బజారు చల్లబడదు.

చెరువుకొక తీరు

చేపల చెరువులన్నిటినీ ఒకే గాటన కట్టడానికి వీలు లేదు. కొల్లేరు ప్రాంతంలో బొచ్చె, రోహు పెంచే రైతులు చేపల పొడి మీద ఏనాడూ ఆధారపడలేదు. నూనె తీసిన తవుడు, అంటే వర్తకులు డీఓబీ అనే సరుకు, దానికి తోడు వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి చెరువులో కర్రలకు కట్టి మేపడం అక్కడి పద్ధతి. ఆ మేతకు కీలకం తవుడు ధర. 2023 జూలైలో కేంద్రం డీఓబీ ఎగుమతులను నిషేధించినప్పుడు సంతోషించినవారిలో ఈ రైతులూ ఉన్నారు.

రొయ్య సంగతి వేరు. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించాక కోస్తాలో గుళికల మేత వాడకం అనేక రెట్లు పెరిగింది. ఆ మేతలో మాంసకృత్తులు 35 శాతం లేదా అంతకు పైబడి ఉండాలి. రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై 50 శాతం సుంకం విధించినప్పుడు రైతులూ ఎగుమతిదార్లూ మొదట వేలు చూపింది మేత ధర వైపే. పొడి తగ్గించడం మిల్లులకు సరదా కాదు, బతుకు లెక్క.

తగ్గించవచ్చునని సముద్రపు అవతలి దేశాలు నిరూపించాయి. నార్వేలో సాల్మన్ చేపల మేతలో 1990లో 65 శాతం చేపల పొడి ఉండేది. 2020 నాటికి అది 12 శాతానికి దిగింది. చేప పెరుగుదల దెబ్బతినలేదు. చేపకు కావలసినది చేపల పొడి కాదని, అందులోని పోషకాలు మాత్రమేనని దీనితో తేలిపోయింది.

బస్తా లెక్క కాదు, లైసిన్ లెక్క

ఇక్కడే చాలామంది వర్తకులు పొరపడుతున్నారు. చేపల పొడిలో మాంసకృత్తులు 60 శాతం, వేరుశనగ చెక్కలో 45 శాతం. లెక్క కోసం పొడి కిలో 120 రూపాయలు, చెక్క కిలో 45 రూపాయలు అనుకుంటే, మాంసకృత్తు కిలో ఒక్కింటికి పొడిలో 200 రూపాయలు, చెక్కలో 100 రూపాయలు పడుతుంది. సగం ధరకే దొరికే సరుకును మిల్లు ఎందుకు ఎగబడి కొనదు?

కారణం మాంసకృత్తుల లోపలి సరుకులో ఉంది. వంద కిలోల మేతలో 10 కిలోల చేపల పొడి తీసివేస్తే 6 కిలోల మాంసకృత్తులు పోతాయి. వాటితో పాటు లైసిన్ సుమారు 460 గ్రాములు, మెథియోనిన్ 170 గ్రాములు పోతాయి. ఆ 6 కిలోలను పూడ్చడానికి 13 కిలోల పైచిలుకు వేరుశనగ చెక్క కావాలి. అంత చెక్క వేసినా లైసిన్ 210 గ్రాములు, మెథియోనిన్ 60 గ్రాములు మాత్రమే వస్తాయి. అదే సోయా పిండి 13 కిలోలు వేస్తే లైసిన్ 365 గ్రాములు, మెథియోనిన్ 80 గ్రాములు వస్తాయి. తక్కువైన వాటిని మిల్లు విడిగా కొని కలపాలి. పైగా రొయ్య నిదానంగా మేస్తుంది గనుక, విడిగా కలిపినది కొంత నీటిలో కరిగిపోతుంది.

మరొక చిక్కు చోటు. 10 కిలోలు తీసి 13 కిలోలు వేస్తే ఆ మూడు కిలోలు గోధుమ పిండి వాటా నుంచో మరొక దాని వాటా నుంచో తగ్గాలి. గుళిక నీటిలో విడిపోకుండా పట్టి ఉంచేది గోధుమ పిండే. భాస్వరం, చేప నూనె, రొయ్యను మేతకు రప్పించే వాసన, ఇవన్నీ చేపల పొడితో కలిసి వచ్చేవి. పొడి తగ్గిస్తే వాటికీ వేరే ఖర్చు తప్పదు.

కాబట్టి మిల్లు దృష్టిలో వేరుశనగ చెక్క ధరకు పైకప్పు సోయా పిండి ధర. ఆ ధరలోంచి ముందు లైసిన్ ఖర్చు తీసివేస్తారు. తరువాత బూజు విషం భయానికి మరికొంత కోత కోస్తారు. మొదటి కోతను వర్తకుడు ఆపలేడు. రెండవది మాత్రం అతని చేతిలోనే ఉంది.

బూజు వేసే సుంకం

వేరుశనగ చెక్కకు అంటిన అపకీర్తి పాతది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతు తెలియకుండా చనిపోగా, వాటి మేతలో కలిసిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో బూజు విషం ఉన్నట్లు బయటపడింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. నేడు ఐరోపా దేశాలు మేత సరుకుల్లో అఫ్లాటాక్సిన్ బి1కు పెట్టిన హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. అంటే టన్నుకు 20 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు.

ఈ సీమలో వర్షాధారపు వేరుశనగకు రెండు వైపులా దెబ్బ. కాయ ఊరే వేళ బెట్ట తగిలితే నేలలోనే బూజు పడుతుంది. కోత వేళకు ఈశాన్య రుతుపవనం దిగి, కట్టె తడిసిపోతుంది. తడి కాయను కుప్ప వేస్తే మిగతా పని బూజే చూసుకుంటుంది. విషం నూనెలోకి పోయేది తక్కువ, చెక్కలో నిలిచేది ఎక్కువ. గింజ బరువులో సగానికి దగ్గరగా నూనె పోతుంది గనుక, గింజలో ఉన్న విషం పాలు చెక్కలో దాదాపు రెట్టింపు అవుతుంది. గానుగ వేడికి, ఎక్స్‌పెల్లరు వేడికి అది చావదు. చెక్కను మళ్లీ ఎండలో పరచినంత మాత్రాన పోదు. ఇలాంటి మేత తిన్న రొయ్యకు కాలేయం దెబ్బతిని పెరుగుదల కుంటుపడుతుంది. అందుకే మిల్లులు చెక్కను అనుమానంగా చూస్తాయి.

నివారణ గానుగలో లేదు, కళ్లంలో ఉంది. కాయ తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టడం, పుచ్చు గింజలనూ రంగు మారిన గింజలనూ ఏరివేయడం, గోడౌనులో బస్తాలను నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చడం, ఈ మూడూ చేసిన సరుకుకు విషం హద్దులో నిలుస్తుంది. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి నారాయణి, ధరణి వంటి రకాలు వచ్చాయి. రకం మంచిదైనా ఎండు చాలకపోతే ఫలం దక్కదు.

నమూనా తీయడంలోనూ జాగ్రత్త అవసరం. బూజు సరుకంతటా సమంగా ఉండదు. పది బస్తాల్లో తొమ్మిది బాగుండి ఒకటి చెడి ఉండవచ్చు. పై బస్తా నుంచి పిడికెడు తీసి పరీక్షకు పంపితే ఆ చీటీకి విలువ లేదు. లారీలోని అనేక బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి, దంచి పంపినదే నమూనా.

సోయా ఒక్కటే దిక్కు కాదు

చేపల పొడిని వదిలి సోయా మీద వాలిన మిల్లులు ఒక గండం తప్పించుకుని మరొక గండంలో కాలు పెట్టినట్లే. 2021లో సోయా గింజ ఇండోరులో క్వింటాలు 10 వేల రూపాయల దాకా పోయింది. కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెట్టగా, ఆ ఆగస్టులో కేంద్రం జన్యుమార్పిడి సోయా పిండిని 12 లక్షల టన్నుల వరకు దిగుమతి చేసుకోవడానికి అనుమతించవలసి వచ్చింది. చిత్తూరు కోడి, నెల్లూరు రొయ్య ఒకే కుండలోది తింటున్నప్పుడు ఒకరి గిరాకీ మరొకరికి భారం కాక తప్పదు. అందుకే మిల్లులు మూడు నాలుగు సరుకులను కొద్దికొద్దిగా కలుపుకునే దారి వెతుకుతున్నాయి. చెన్నైలో 1987లో ఏర్పడిన కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ దేశీయ సరుకులతో వెనామీ మేత తయారు చేసి చూపింది.

ఇథనాల్ డిస్టిలరీలు పెరిగి, బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి వచ్చే డీడీజీఎస్ బజారును ముంచెత్తింది. 2024, 2025లలో సోయా పిండి మెత్తబడడానికి అదొక కారణం. బియ్యపు రకంలో మాంసకృత్తులు 40 శాతం దాటుతాయి. కాని తడి సరుకు సరిగా ఆరకపోతే దానికీ బూజు బెడద ఉంది.

పలమనేరు, కుప్పం వైపు రీలింగు కేంద్రాల్లో దారం తీసిన తరువాత మిగిలే పట్టుపురుగు ప్యూపా మరొకటి. ఎండబెట్టిన ప్యూపాలో మాంసకృత్తులు సుమారు 50 శాతం. నూనె తీస్తే 65 శాతం దాటుతాయి. లైసిన్, మెథియోనిన్ విషయంలో చెక్క కంటే ఇది మెరుగు. చిక్కల్లా నూనె పాలు ఎక్కువ కావడం. రెండు రోజులు తడిగా వదిలితే కంపు కొట్టి, నూనె చెడి, ఎరువుకు తప్ప పనికి రాదు. పోగు చేసి వెంటనే ఎండబెట్టి, నూనె తీసే ఏర్పాటు ఎవరు చేస్తే సరుకు వారిది. ఈగ లార్వా వంటి పురుగుల పిండిని ఐరోపాలో 2017 నుంచి చేపల మేతలో అనుమతిస్తున్నారు. మన వద్ద అది ఇంకా టన్నుల లెక్కలో సాగే వ్యాపారం కాలేదు.

ముందు చూపు

చేపల పొడి పూర్తిగా మాయమవుతుందని ఎవరూ లెక్క వేసుకోనక్కరలేదు. పిల్ల రొయ్యల మేతలో, వాసన కోసం, కొంత పాలు నిలుస్తుంది. తగ్గేది పెద్ద రొయ్యల మేతలోని బరువు పాలు. ఆ చోటు ఒక్క సరుకుది కాబోదు. వారం వారం ధర చూసి మిల్లులు పాళ్లు మారుస్తాయి. అలాంటి బజారులో ‘ఈసారి చెక్క బాగుంది’ అనే మాటకు ధర పలకదు. మాంసకృత్తులు ఎంత, నూనె ఎంత, తేమ ఎంత, అఫ్లాటాక్సిన్ ఎంత అని నాలుగు అంకెలు రాసిన చీటీకి పలుకుతుంది.

తెచ్చిన సరుకంతా ఒకే కుప్పలో పోసి అమ్మే వర్తకుడు, మంచి రైతు చెక్కను కూడా చెడు చెక్క ధరకే దిగజారుస్తున్నాడు. ఎండిన కాయను విడిగా కొని, విడిగా ఆడించి, విడిగా నిలవ చేసి చీటీతో పంపగలిగినవాడికి నెల్లూరు మిల్లుల తలుపు తెరుచుకునే అవకాశం ఉంది. లేకుంటే పడమటి మెట్టల చెక్క పశువుల కొట్టం దాటదు. నడుమ ఉన్న తిరుచానూరు దారిన ఇండోరు సోయా లారీలే తూర్పుకు పోతుంటాయి.