పెళ్లి సీడీ మొరాయిస్తోందా?

నరసరావుపేటలో చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే, పట్టుచీరల కింద ఓ పెళ్లి సీడీ దొరుకుతుంది. ఇప్పుడు లేని తాతయ్య అందులో నవ్వుతూ అక్షింతలు వేస్తుంటాడు. తీరా పాత కంప్యూటర్లో పెడితే... గర్రుమని తిరగడమే తప్ప బొమ్మ కదలదు!

52ఎక్స్ డ్రైవు సెకనుకు 7,800 కిలోబైట్ల దాకా చదవగలదు. అదీ సీడీ అంచు దగ్గరే. గీతలుంటే వేగం తగ్గించుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దుమ్ము సంగతి తెలిసిందేగా! లెన్సు మీద పేరుకుంటే దానికీ చూపు మసకే.

అంతా శుభ్రంగా ఉన్నా నత్తనడకేనా? విండోస్ ఎక్స్‌పీకి ఓ జబ్బుంది. చదవడంలో ఆరుసార్లు తప్పులు దొర్లితే వేగం తగ్గించుకుంటూ, డీఎంఏ పద్ధతి వదిలేసి చివరికి పీఐఓలోకి దిగిపోతుంది. తర్వాత మంచి సీడీ పెట్టినా పైకెక్కదు. డివైస్ మేనేజర్లో ఆ డ్రైవు ఉన్న ఐడీఈ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే దారికొస్తుంది.

తెరమీద సన్నాయి మొదలైందా? చూస్తూ కూర్చోకుండా ముందు హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. ఇంట్లో రాయించిన సీడీలోని రంగుపూత ఎండకీ వేడికీ పాడవుతుంది. పల్నాడులో ఆ రెండింటికీ కరవు లేదు.