పందికొక్కుకు చలినిద్ర ఎందుకు లేదు?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పంక్సుటానీ ఊళ్లో ఏటా ఫిబ్రవరి 2న, చలికాలంలో బొరియలో నిద్రపోయే గ్రౌండ్‌హాగ్ అనే జంతువును జనం ముందుకు తెచ్చి, దాని నీడ పడిందా లేదా అన్నదాన్నిబట్టి చలి ఇంకెన్నాళ్లుంటుందో చెబుతారు. 1887 నుంచీ సాగుతున్న ఈ జోస్యం ఫలించినదానికన్నా తప్పిందే ఎక్కువ. ఆ వార్త చదివినప్పుడల్లా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. నాయకరాజుల కాలం నుంచీ తెలుగువాళ్లు సేద్యం చేస్తున్న కోయంబత్తూరు, మదురై పొలాల్లోనూ బొరియలు తవ్వే జీవులున్నాయి కదా, అవి నెలల తరబడి ఎందుకు పడుకోవు? గ్రౌండ్‌హాగ్ ఉడుతల కుటుంబానిది. దాని బంధువు, శ్రీవిల్లిపుత్తూరు అడవుల్లోని బూడిదరంగు పెద్ద ఉడుత, చెట్టు దిగడమే అరుదు. మన నేలను తవ్వే పని ఎలుకల వంశంలోని పందికొక్కుది.

గ్రౌండ్‌హాగ్‌ది మామూలు నిద్ర కాదు, చలినిద్ర. మనలాగే 37 డిగ్రీల దగ్గరుండే ఒంటి వేడి 5 డిగ్రీల దాకా దిగుతుంది, గుండె నిమిషానికి కొద్దిసార్లే కొట్టుకుంటుంది. వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఒంట్లోని రసాయన చర్యల వేగం సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. 30 డిగ్రీలు దిగితే కొవ్వు ఖర్చు ఎనిమిదో వంతుకన్నా మించదు. ఇక్కడే ఉంది అసలు కిటుకు: ఒళ్లు ఎంత చల్లబడినా చుట్టూ ఉన్న మట్టికన్నా చల్లబడలేదు. పెన్సిల్వేనియా మట్టి చలికాలంలో గడ్డకట్టే స్థితికి దగ్గరవుతుంది. కోయంబత్తూరు, మదురైలలో బొరియ లోతున మట్టి ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది. అక్కడ పందికొక్కు పడుకున్నా ఆదా అయ్యేది సగమో, అంతకు కాస్త ఎక్కువో. చలినిద్ర గురించి మహా పండితులే పొరబడ్డారు. చలికాలంలో స్వాలో పక్షులు కనబడకపోతే కన్నాల్లో దాక్కుంటాయన్నాడు అరిస్టాటిల్. నీటి అడుగున గడుపుతాయని నమ్మాడు లిన్నేయస్. కనబడనిదల్లా నిద్రపోతోందన్నది వాళ్ల తప్పు. బయటికొచ్చినదల్లా వాతావరణం చూడ్డానికే వచ్చిందన్నది పంక్సుటానీ తప్పు. ఫిబ్రవరిలో మగ గ్రౌండ్‌హాగులు బయటికొచ్చేది చుట్టుపక్కల ఆడవాటి బొరియలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి. ఆ పని కాగానే మళ్లీ పడుకుంటాయి.

ఉష్ణదేశంలో చలినిద్ర అసాధ్యమేమీ కాదని ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. మడగాస్కర్‌లో తోకలో కొవ్వు దాచుకునే చిన్న లీమర్ వెచ్చటి చెట్టు తొర్రలోనే నెలల తరబడి పడుకుంటుందని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది నిజమే. అయితే ఆ లీమర్ తినేది పండ్లు, పూలు, పురుగులు. వాటిని నిల్వచేస్తే కుళ్లిపోతాయి. దానికి దాచుకునే చోటు తన ఒళ్లొక్కటే. పందికొక్కుకు దొరికేది ధాన్యం, దాచినా చెడదు. అందుకే అది వరి వెన్నులు కొరికి తెచ్చి బొరియలోని అరలు నింపుతుంది, ద్వారాన్ని మట్టితో మూస్తుంది, మేలుకునే ఉండి తింటుంది. తమిళనాట ఇరుళులు, నెల్లూరు సీమలో యానాదులు అనే గిరిజనులు ఆ బొరియలు తవ్వి గింజలు తీసుకునేవారంటే నిల్వ ఎంతుంటుందో ఊహించవచ్చు. కొవ్వుగా మోయడమా, గింజగా దాయడమా అన్నది తిండి రకాన్నిబట్టీ మట్టి వేడినిబట్టీ తేలిపోయింది.

ఇంత తెలిసినా పొలంలో మాత్రం పందికొక్కులకు మందు ఎర పెట్టే వేళ తప్పుతూనే ఉంది. వెన్నులు తెగిపడ్డాక ఎర పెడితే, ఎదుటే పంటా ఇంట్లో నిల్వా ఉన్న పందికొక్కు దాన్ని ముట్టదు. వరి పొట్టకు రాకముందే, గట్టుకు అటూ ఇటూ ఉన్న రైతులంతా ఒకేసారి ఎర పెట్టండి. ఒక్కరే పెడితే ఖాళీ అయిన బొరియలోకి పక్క చేనుది వచ్చి చేరుతుంది.