మార్కుల పట్టికలో ఊరి జాతకం

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో అనే రెండు శివారు పట్టణాలు వేర్వేరు కౌంటీలకు చెందినవైనా, పిల్లల చదువు విషయంలో మాత్రం ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌గా కలిసి ఉన్నాయి. దీనికీ తెలుగు రాష్ట్రాల రెవెన్యూ జిల్లాకూ పోలిక లేదు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే తన పరిధిలోని ప్రభుత్వ బడులను ఎన్నికైన బోర్డు ద్వారా నడుపుతూ, ఖర్చులో పెద్ద భాగాన్ని స్థానికుల ఇంటి పన్నుతో నెట్టుకొచ్చే పాలనా విభాగం. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులుండే మిడిల్ స్కూళ్లు ఇక్కడ రెండు: వెస్ట్ విండ్సర్‌లో థామస్ గ్రోవర్, ప్లెయిన్స్‌బరోలో కమ్యూనిటీ మిడిల్ స్కూల్. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేముందు ఆ వీధి ఏ బడి కిందికి వస్తుందో వాకబు చేయడం పరిపాటి కనుక, ఇటువంటి చోట్ల మార్కుల పట్టికలను ఎలా చదవాలన్నది వారికి నేరుగా సంబంధించిన విషయమే.

ఆ పట్టికలకు మూలం 2002 నాటి 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా భాషలోనూ గణితంలోనూ పరీక్ష పెట్టాలనీ, ఫలితాలను జాతి, ఆదాయం, వైకల్యం, ఇంగ్లీషు రాకపోవడం అనే ప్రాతిపదికల మీద వర్గాలవారీగా కూడా ప్రకటించాలనీ ఆ చట్టం ఆదేశించగా, 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టమూ ఈ నియమాలను నిలబెట్టింది. న్యూజెర్సీలో ఫలితాలను ఐదు స్థాయులుగా విభజిస్తారు. నాలుగు, ఐదు స్థాయులకు చేరినవారు తమ తరగతికి తగిన ప్రావీణ్యం సాధించినట్టు లెక్క.

అయితే బడి సగటులో కనిపించేది బడి ప్రతిభ ఒక్కటే అనుకుంటే పొరపాటు. పిల్లల ఫలితాల్లోని తేడాలు బడి వసతుల కంటే కుటుంబ నేపథ్యంతోనే గట్టిగా ముడిపడి ఉన్నాయని అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ బృందం 1966లోనే తేల్చింది. ఆ కుటుంబాలు ఒకే చోటికి చేరడం కూడా యాదృచ్ఛికం కాదు. 1990 వలస చట్టం హెచ్-1బి వీసాకు దారి తీయడం, రూట్ 1 రహదారి వెంట కంపెనీలు వెలవడం, ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కితే న్యూయార్క్ చేరగలగడం వంటివి చదువుకున్న వలసదారులను ఇటు రప్పించాయి. పెద్ద స్థలాల్లో విడి ఇళ్లకే అనుమతినిచ్చే నిబంధనలు పేదలను శివార్లలోకి రానీయకుండా అడ్డుకోగా, న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లో మౌంట్ లారెల్ తీర్పులో ఆ పోకడను తప్పుపట్టి, అల్పాదాయ వర్గాల ఇళ్లకు పట్టణాలు తమ వంతు చోటివ్వాలని చెప్పింది. వెస్ట్ విండ్సర్ ఉన్న మెర్సర్ కౌంటీలోనే, పేదరికం వల్ల రాష్ట్రం నుంచి ప్రత్యేక సహాయం పొందే ట్రెంటన్ డిస్ట్రిక్ట్ కూడా ఉంది. ఈ రెంటి సగటులను పక్కపక్కన పెట్టి, ఒకచోట ఉపాధ్యాయులు గొప్పవారనీ మరోచోట కారనీ తీర్మానించడం అన్యాయం.

సగటు ఎంతగా తప్పుదోవ పట్టిస్తుందో ఎనిమిదో తరగతి గణితమే చూపుతుంది. గణితంలో ముందున్న పిల్లలు ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 చదువుతారు. వారు రాసేది ఆల్జీబ్రా పరీక్ష కనుక, ఎనిమిదో తరగతి గణితం వరుసలో వారి లెక్క ఉండదు. ఒక బడిలో 200 మంది ఉన్నారనీ, వారిలో 120 మంది ఆల్జీబ్రా రాసి 110 మంది ప్రావీణ్యం సాధించారనీ, మిగిలిన 80 మందిలో 40 మంది సాధించారనీ అనుకుందాం. నిజానికి 75 శాతం మంది గట్టెక్కినా, పట్టికలోని ఎనిమిదో తరగతి గణితం వరుస 50 శాతమే చూపుతుంది. ముందుకు దూసుకెళ్లే పిల్లలు ఎంత ఎక్కువైతే ఆ వరుస అంత వెలవెలబోయే అవకాశం ఉంది.

అందువల్ల వృద్ధి శాతాంకం అనే మరో కొలమానానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఒక విద్యార్థిని గత సంవత్సరాల్లో దాదాపు అవే మార్కులు తెచ్చుకున్న రాష్ట్ర విద్యార్థులతో పోల్చి, ఈ ఏడాది వారిలో ఎందరిని దాటాడో 1 నుంచి 99 వరకు చెప్పే అంకె అది. 50 అంటే సరిగ్గా నడిమధ్య. పిల్లవాడు ఎక్కడ మొదలయ్యాడన్నది పక్కనపెట్టి, ఏడాదిలో ఎంత నడిచాడన్నది చూపడమే దీని మేలు.

వర్గాలవారీ వరుసలనూ నిదానంగా చూడాలి. 2015లో వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో డిస్ట్రిక్ట్‌లో ఉన్న సుమారు 9,700 మంది విద్యార్థుల్లో 65 శాతం ఆసియా మూలాలవారు. తెలుగు, గుజరాతీ, చైనా, కొరియా కుటుంబాల పిల్లలంతా ఒకే గడిలో ఇమిడిపోతారు. ఎక్కువమంది బాగా చదివే చోట బడి సగటు ఎత్తున నిలబడటంతో, వైకల్యం ఉన్నవారి, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారి, మధ్యాహ్న భోజన రాయితీ పొందే అల్పాదాయ కుటుంబాల పిల్లల వెనుకబాటు ఆ నీడలో పడిపోతుంది.

ఎత్తైన సగటుకు పిల్లలు చెల్లించే మూల్యం ఏ వరుసలోనూ కనిపించదు. 2015లో డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ డేవిడ్ అడర్‌హోల్డ్ తల్లిదండ్రులకు 16 పేజీల లేఖ రాసి, అంతకుముందు విద్యాసంవత్సరంలో మిడిల్, హైస్కూలు విద్యార్థుల్లో 120 మందికి మానసిక ఆరోగ్య పరీక్ష అవసరమని సూచించవలసి వచ్చిందనీ, 40 మంది ఆసుపత్రి పాలయ్యారనీ వెల్లడించారు. హైస్కూలులో అర్ధసంవత్సర, వార్షిక పరీక్షల రద్దు, హోంవర్క్ లేని రాత్రులు వంటి మార్పులు వచ్చాయి. ఆసియా మూలాల తల్లిదండ్రుల్లో చాలామంది ఇది పిల్లల చదువును పలచబరచడమేనని అభ్యంతరపెట్టారు, కొందరు సమర్థించారు. పరాయి గడ్డపై చదువే ఆస్తిగా బతికినవారి భయాన్ని కొట్టిపారేయలేము, కానీ పదకొండేళ్ల బిడ్డ నిద్ర అంతకన్నా విలువైనది. అప్పటిదాకా నాలుగో తరగతి నుంచే మొదలైన వేగవంతమైన గణితాన్ని ఆరో తరగతిలోనే మొదలుపెట్టాలన్న నాటి నిర్ణయంతో, ఏ బిడ్డను ఎంత వేగంగా నడిపించాలన్న ప్రశ్న మిడిల్ స్కూల్ గడప మీదికి వచ్చి నిలిచింది.