గోడమీద పుంగనూరు ఆవు

బాలలూ, పుంగనూరు ఆవును చూశారా? ఎదిగినా సుమారు మూడడుగుల ఎత్తే ఉండే బుల్లి ఆవు. ఆ ఆవును గోడమీద ఏనుగంత చేసి చూపే పెట్టె ఒకటుంది. దాని పేరు ప్రొజెక్టరు.

ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. లోపల ఒక దీపం, ఒక చిన్న బొమ్మ, ముందు ఒక కటకం. బొమ్మనుంచి వచ్చిన వెలుతురును కటకం పెద్దదిగా విప్పి తెరమీద పడవేస్తుంది. అంతే!

మీ బడిలో సమావేశాల హాలుకు ఒక ప్రొజెక్టరు కొనాలనుకున్నారనుకోండి. పెట్టెమీద బోలెడు అంకెలుంటాయి. వాటిలో ఏవి చూడాలి? మూడు బొమ్మలు వేసి తెలుసుకుందాం.

మొదటి బొమ్మ మన ఆవు. ప్రొజెక్టరు ఇచ్చే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. మన పెట్టె 3,000 ల్యూమెన్లది. బొమ్మ వెడల్పు 2 మీటర్లయితే, తెరమీద ఒక్కొక్క చదరపు మీటరుకు సుమారు 1,330 ల్యూమెన్లు అందుతాయి. ఆవు ఇంకా పెద్దది కావాలని పెట్టెను రెట్టింపు దూరం జరిపితే, వెడల్పు 4 మీటర్లవుతుంది. చదరపు మీటరుకు అందేది 330 మాత్రమే! చెంచాడు నెయ్యిని నాలుగింతల దోసెకు రాస్తే ఏమవుతుంది? ఇదీ అంతే. రాత్రి టార్చిలైటును గోడకు దగ్గరగా, దూరంగా పట్టి మీరే చూడండి.

దూరానికీ ఒక అంకె ఉంది. అది 1.5 అయితే, 2 మీటర్ల బొమ్మకు పెట్టె 3 మీటర్ల దూరంలో ఉండాలన్నమాట. అందుకని కొనేముందే గదిని కొలవాలి.

రెండవది మదనపల్లె బొమ్మ. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడి బీసెంట్ థియసాఫికల్ కళాశాలకు వచ్చి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ చేతిరాతను తెరమీద వేస్తే సన్నని గీతలు కూడా కనబడాలి గదా! అందుకు చుక్కలు ఎక్కువ కావాలి. బొమ్మంతా చుక్కలతోనే ఏర్పడుతుంది. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 ఉంటే మొత్తం 20,73,600 చుక్కలు. 800, 600 అయితే 4,80,000 మాత్రమే. పెట్టెమీది పెద్ద అంకె చూసి మోసపోకండి. లోపల నిజంగా ఉన్న చుక్కలెన్నో అడగండి.

మూడవది కుప్పం పటం. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. సరిహద్దు గీత నల్లగా ఉంటుంది. కాని ఒక వింత: ఏ ప్రొజెక్టరూ నలుపును వేయలేదు! వెలుతురు పడనిచోటే మనకు నలుపుగా తోస్తుంది. అక్కడ ట్యూబులైటు వెలుతురు పడితే నలుపు కాస్తా బూడిదరంగవుతుంది. కనుక తెర దగ్గరి దీపం ఆర్పాలి, కిటికీ తెర లాగాలి.

దీపం సంగతి కూడా అడగాలి. బల్బు కొన్నివేల గంటల్లో మార్చవలసి వస్తుంది. లేజరు దీపం సుమారు 20,000 గంటలు వెలుగుతుంది. ఏ దీపమైనా సరే, కటకంలోకి మాత్రం తొంగిచూడకండి. కళ్ళకు చేటు.

కొనే పెద్దలు సాధారణంగా ముందు వరుసలో కూర్చుని, "బాగుంది" అంటారు. మీరు మాత్రం చివరి బెంచీకి వెళ్ళి, తెరమీది అక్షరాలు పైకి చదవండి. అక్కడ కూర్చునేవాడికి కనబడకపోతే, వాడికి ఆరోజు పాఠమే లేనట్టు. వాడికి కనబడితే అందరికీ కనబడినట్టే!