అమెరికా కంటే ముందు ఆగ్నేయాసియా.. హైదరాబాద్ డార్విన్‌బాక్స్ రూట్ చిన్న కంపెనీలకు ఏం చెబుతోంది?

హైటెక్ సిటీలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇక్కడ కస్టమర్లు కుదిరారు, ఇక విదేశాలకు వెళ్లాలి. చాలామందికి ముందు గుర్తొచ్చేది అమెరికానే. అక్కడ మనవాళ్లున్నారు, బిల్లు డాలర్లలో వస్తుంది. కానీ హైదరాబాద్‌లో పుట్టిన డార్విన్‌బాక్స్ వేరే దారి పట్టింది.

2015లో జయంత్ పాలేటి, రోహిత్ చెన్నమనేని, చైతన్య పెద్ది దీన్ని మొదలుపెట్టారు. ఉద్యోగుల హాజరు, సెలవులు, జీతం, అప్రైజల్.. అన్నీ ఒకే ప్లాట్‌ఫామ్‌లో. ఇండియాలో నిలదొక్కుకున్నాక సింగపూర్, ఇండోనేషియా లాంటి మార్కెట్లకు వెళ్లారు. తర్వాత గల్ఫ్, ఆపై అమెరికా. 2022 జనవరిలో టీసీవీ నేతృత్వంలో 7.2 కోట్ల డాలర్ల ఫండింగ్‌తో యూనికార్న్ అయింది. 2025 మార్చిలో మరో 14 కోట్ల డాలర్లు వచ్చాయి.

ముందు అటే వెళ్తే లాభమేంటి?

ఒకటి, టైమ్. జకార్తా మనకంటే గంటన్నరే ముందు, సింగపూర్ రెండున్నర గంటలు. కస్టమర్ ఫోన్ చేస్తే మన టీమ్ ఆఫీసులోనే ఉంటుంది. అదే కాలిఫోర్నియా అయితే నైట్ షిఫ్ట్ తప్పదు. రెండు, పోటీ. ఈ రంగంలో వర్క్‌డే, ఒరాకిల్ లాంటి దిగ్గజాల సొంతగడ్డ అమెరికా.

అసలు చిక్కు ఎక్కడ?

భాష మార్చేస్తే సరిపోదు. ఇండోనేషియాలో పండగకు కనీసం 7 రోజుల ముందు బోనస్ ఇవ్వాలన్నది చట్టం. ఏడాది సర్వీసు ఉంటే ఒక నెల జీతం, తక్కువుంటే ఆ మేరకు లెక్క. అదీ ఎవరి మతం పండగకు వాళ్లకి. సింగపూర్‌లో సీపీఎఫ్ లెక్క వేరు. మన పీఎఫ్, ఈఎస్ఐ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను అక్కడ అలాగే దించితే జీతాలు తప్పుతాయి. జీతం తప్పు పడితే కస్టమర్ ఎన్నాళ్లు ఆగుతాడు?

డబ్బు పంపాలంటే?

సింగపూర్‌లో 100 శాతం వాటా మనమే పెట్టుకోవచ్చు. కానీ కనీసం ఒక డైరెక్టర్ అక్కడే నివసించేవారై ఉండాలి. ఇక్కడి నుంచి పెట్టుబడి బ్యాంకు ద్వారానే వెళ్లాలి. 2022 ఫెమా నిబంధనల ప్రకారం ఆటోమేటిక్ రూట్‌లో నెట్‌వర్త్‌కు 4 రెట్ల వరకే పరిమితి. అంటే నెట్‌వర్త్ 50 లక్షలుంటే గరిష్ఠంగా 2 కోట్లు. నష్టాల్లో నెట్‌వర్త్ కరిగిపోయిన స్టార్టప్‌లకు ఇక్కడే బ్రేక్ పడుతుంది.

మరి ఏం చేయాలి?

అక్కడ ఆఫీసు లేకుండానే హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మొచ్చు. ఎగుమతికి ఎల్‌యూటీ దాఖలు చేస్తే ఐజీఎస్టీ ముందుగా కట్టాల్సిన పని లేదు. అలా ఇద్దరు ముగ్గురు కస్టమర్లు డబ్బు కట్టి, రెన్యువల్ కూడా చేశాక ఆఫీసు గురించి ఆలోచించడం మేలు. బోర్డు ముందు పెట్టి కస్టమర్ కోసం వెతికితే, ప్రతి నెలా అద్దె కట్టేది ఇక్కడి టీమ్ జీతాల డబ్బుతోనే!